ఆట నడుస్తుంది... హామీ ఏది?

యానాం బంకుల్లో పెట్రోలు పోయించుకోవడానికి ఆంధ్ర వైపు నుంచి బళ్లు రావడం ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతే. గౌతమి ఒడ్డున 30 చదరపు కిలోమీటర్లున్న ఈ ఊరిని ఆంధ్రప్రదేశ్ చుట్టుకొని ఉంది. మాట, తిండి, పండగ అన్నీ ఒకటే. కానీ 1954లో ఫ్రెంచివాళ్ల పాలన ముగిసినప్పటి నుంచి ఇక్కడి పరిపాలన 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిది, పన్నుల లెక్కా అక్కడిదే. కంపెనీ అదే, పెట్రోలు అదే, బండీ అదే. హద్దుకు అటూ ఇటూ ధర వేరు. తేడా సరుకులో లేదు, నిర్ణయం జరిగే చోట ఉంది. లైనక్స్ కంప్యూటర్ మీద వీడియో గేములు ఆడాలనుకునేవాళ్ల కష్టం కూడా సరిగ్గా ఇదే. డబ్బు పెట్టి కొన్న గేమ్ వాళ్ల కంప్యూటర్‌లో నడవగలదు. నడవనివ్వాలా వద్దా అన్నది మాత్రం ఎక్కడో ఒక కంపెనీ చేతిలో ఉంది. ఇవాళ సరేనన్న ఆ కంపెనీ రేపు కాదనవచ్చు. చాలా ఏళ్లుగా దీన్ని సాంకేతిక లోపంగానే చెప్పుకుంటున్నాం. ఆ లోపం చాలావరకు తీరిపోయింది. ఇప్పుడు మిగిలినది మాట ఇవ్వకుండా సాగుతున్న అమ్మకం. కొనేవాళ్లు తమ హక్కుగా అడగవలసినది ఆ మాటనే.

లైనక్స్ అంటే విండోస్ చేసే పనే చేసే ఆపరేటింగ్ సిస్టమ్. ఫిన్లాండ్‌లో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీన్ని మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి ప్రోగ్రామును చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇదేదో నిపుణుల వ్యవహారం అనుకోనక్కర్లేదు. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుకు పునాది లైనక్సే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు కంప్యూటర్ నేర్చుకునేది లైనక్స్ మీదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 'బాస్' పేరుతో భారతీయ భాషలకు అనువైన లైనక్స్‌ను తయారుచేసింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' ఉద్యమం తెలుగులో వాడుకునే లైనక్స్‌ను తెచ్చింది. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా ఆ కంపెనీ జాబితాలో ఉండాలి. ఆ అర్హత లేని పాత ల్యాప్‌టాప్‌లు యానాం, కాకినాడ, అమలాపురం ఇళ్లలోనే కాదు, దేశమంతటా ఉన్నాయి. వాటికి భద్రంగా ఇంకొన్నాళ్లు ఆయుష్షు పోసే మార్గం లైనక్స్. చదువుకు, బ్రౌజింగ్‌కు, ఆఫీసు పనికి అది చాలు. ఇంట్లో కుర్రవాళ్లు అడ్డం తిరిగేది ఒక్క ప్రశ్న దగ్గరే: 'మరి గేములో?'

ఆ ప్రశ్నకు మంచి జవాబు చెప్పాలని ప్రయత్నించినవాళ్లు ముప్ఫై ఏళ్లుగా ఉన్నారు. 'డూమ్' ఆటను ఇడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలోని డేవ్ టేలర్ 1994లోనే లైనక్స్‌కు తెచ్చాడు. 1998లో స్కాట్ డ్రేకర్ అమెరికాలోని కాలిఫోర్నియాలో లోకీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టాడు. విండోస్ గేములను వాటి సొంతదారుల అనుమతితో లైనక్స్‌కు మార్చి పెట్టెల్లో అమ్మడమే దాని వ్యాపారం. 1999లో 'సివిలైజేషన్: కాల్ టు పవర్'తో మొదలై ఎన్నో పేరున్న ఆటలను తెచ్చింది. 2001లో దివాలా పిటిషన్ వేసి, 2002 జనవరిలో మూతపడింది. కొనేవాళ్లు తక్కువగా ఉండటంతో వచ్చిన డబ్బు ఖర్చుకు సరిపోలేదు. ఆ ప్రయత్నం పూర్తిగా వృథా కాలేదు. లోకీలో పనిచేసిన శామ్ లాంటింగా రూపొందించిన ఎస్‌డీఎల్ అనే సాఫ్ట్‌వేర్ ఇవాళ్టికీ లెక్కలేనన్ని గేములకు ఆధారం. అయితే ఆ కంపెనీ నుంచి పరిశ్రమ నేర్చుకున్న పాఠం చేదుగా ఉంది: ఆటలు లేవు కనుక ఆడేవాళ్లు రారు, ఆడేవాళ్లు లేరు కనుక ఆటలు రావు.

ఈ ముడిని విప్పడానికి పెద్ద కంపెనీ ఒకటి దిగింది 2012లో. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణాన్ని నడిపే వాల్వ్ కంపెనీ అధినేత గేబ్ న్యూయెల్ అప్పట్లో విండోస్ 8 మీద బాహాటంగా మండిపడ్డాడు. మైక్రోసాఫ్ట్ తన సొంత దుకాణాన్ని విండోస్‌లోనే కలిపేస్తే మిగతా దుకాణాల గతేమిటన్నది ఆయన భయం. 2013 ఫిబ్రవరిలో స్టీమ్ లైనక్స్‌కు వచ్చింది. 2015 నవంబరులో లైనక్స్‌తో నడిచే 'స్టీమ్ మెషీన్' పెట్టెలు అమ్మకానికి వచ్చాయి. ఆటల కంపెనీలు ఉత్సాహంగా ముందుకొచ్చాయి, తర్వాత అంతే వేగంగా వెనక్కి తగ్గాయి. 'ది విచర్ 3' లైనక్స్‌కు వస్తోందని స్టీమ్ దుకాణంలోనే ప్రకటన కనిపించింది. ఆ ఆట 2015లో విడుదలైంది కానీ లైనక్స్ కూర్పు ఎన్నడూ రాలేదు. స్టీమ్ మెషీన్లూ జనాదరణ లేక అటకెక్కాయి. ఒక్కో ఆటను విడిగా లైనక్స్‌కు మార్చాలంటే డబ్బు, మనుషులు, ఏళ్ల తరబడి మరమ్మతులు కావాలి. ఒకసారి మార్చి వదిలేస్తే సరిపోదు. లైనక్స్‌లోని సాఫ్ట్‌వేర్ లైబ్రరీలు నిరంతరం మారుతుంటాయి కనుక, లోకీ కాలంలో అమ్మిన గేములను ఇవాళ్టి లైనక్స్ మీద నేరుగా నడిపించడం చాలా కష్టం. విండోస్ కోసం రాసిన అదే కాలపు ఆటలు మాత్రం చాలావరకు ఇప్పటికీ తెరుచుకుంటాయి.

వాల్వ్ ఈ గమనింపుతోనే దారి మార్చింది. ప్రతి కంపెనీనీ బతిమాలి ఆటను మార్పించే బదులు, విండోస్ ఆటనే ఉన్నదున్నట్టుగా లైనక్స్ మీద నడిపిస్తే? 1993లో మొదలైన 'వైన్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అప్పటికే ఈ పని కొంతవరకు చేస్తోంది. గేమ్ నడిచేటప్పుడు ఫైలు తెరవమనో, శబ్దం వినిపించమనో విండోస్‌ను అడుగుతుంది. వైన్ ఆ అభ్యర్థనను అందుకుని లైనక్స్‌కు తెలిసిన రీతిలో నెరవేరుస్తుంది. ఆటకు ఆ తేడా తెలియదు. చిక్కల్లా బొమ్మల దగ్గరే వచ్చేది. విండోస్ ఆటలు తెర మీద బొమ్మలు గీయడానికి మైక్రోసాఫ్ట్ వారి డైరెక్ట్‌ఎక్స్‌ను వాడతాయి, అది లైనక్స్‌లో ఉండదు. 2016లో వల్కన్ అనే అందరికీ తెరిచి ఉన్న గ్రాఫిక్స్ ప్రమాణం వచ్చింది. డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలను వల్కన్ ఆదేశాలుగా మార్చే డీఎక్స్‌వీకేను ఫిలిప్ రెబోలే రాశాడు. వాల్వ్, కోడ్‌వీవర్స్ సంస్థతో కలిసి, వైన్‌నూ దీన్నీ ఒకచోట చేర్చి 2018 ఆగస్టులో 'ప్రోటాన్' పేరుతో స్టీమ్‌లోనే పెట్టేసింది. అధికారికంగా ఆ రోజు జాబితాలో ఉన్న ఆటలు 27. ఇవాళ వేలాది విండోస్ ఆటలు ఒక్క క్లిక్‌తో లైనక్స్ మీద తెరుచుకుంటున్నాయి. ఎన్నడూ రాని ఆ 'విచర్ 3' కూడా వాటిలో ఉంది.

2022 ఫిబ్రవరిలో వాల్వ్ తెచ్చిన 'స్టీమ్ డెక్' ఈ మార్పును సామాన్యుల చేతికి అందించింది. చేత్తో పట్టుకుని ఆడే ఈ చిన్న కంప్యూటర్ లోపల ఉన్నది లైనక్సేనని చాలామంది కొనుగోలుదారులు పట్టించుకోలేదు, పట్టించుకోవలసిన అవసరమూ రాలేదు. భారతదేశంలో వాల్వ్ దాన్ని నేరుగా అమ్మకపోయినా, ప్రోటాన్ ఫలం మాత్రం మామూలు ల్యాప్‌టాప్‌లో ఉబుంటూ అనే లైనక్స్ వేసుకున్న యానాం విద్యార్థికీ అందుతోంది. స్టీమ్ ప్రతినెలా చేసే సర్వేలో లైనక్స్ వాడకందారుల వాటా 2025 అక్టోబరులో మొదటిసారి 3 శాతం దాటింది. శాతం చిన్నదే. కానీ కోట్లమంది వచ్చిపోయే దుకాణంలో 3 శాతం అంటే లక్షల మంది. ఆటలు లేవు కనుక ఆడేవాళ్లు రారన్న పాత ముడి ఈ విధంగా విడిపోయింది.

ముడి విడిపోయినా భరోసా రాలేదు. కారణం యాంటీ చీట్. నలుగురూ ఆన్‌లైన్‌లో కలిసి ఆడే ఆటల్లో ఎవరైనా దొంగ ప్రోగ్రాములతో గోడల వెనకాల ఉన్నవాళ్లను చూడటం, గురి తప్పకుండా కాల్చడం లాంటివి చేస్తుంటే పట్టుకోవడానికి పెట్టే కాపలా సాఫ్ట్‌వేర్ ఇది. వీటిలో బాగా వాడుకలో ఉన్న ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌తో పనిచేసేందుకు వీలు కల్పించాయి. కానీ ఆ వీలును వాడుకోవాలో వద్దో ఒక్కో ఆట కంపెనీ తేల్చుకోవాలి. 'ఎపెక్స్ లెజెండ్స్' 2022లో వీలు కల్పించింది, 2024 అక్టోబరు 31న లైనక్స్‌ను పూర్తిగా ఆపేసింది. ఆ మధ్య రెండున్నరేళ్లలో స్కిన్ల మీద, అంటే ఆటలోని పాత్రల, ఆయుధాల అలంకారాల మీద, ఖర్చుపెట్టినవాళ్లు లైనక్స్ మీద వాటిని మళ్లీ చూడలేదు. మన కుర్రకారుకు బాగా తెలిసిన 'జీటీఏ 5' ఆన్‌లైన్ విభాగం ఏళ్ల తరబడి లైనక్స్ మీద నడిచింది. 2024 సెప్టెంబరులో దాని తయారీదారు రాక్‌స్టార్ బ్యాటిల్‌ఐని చేర్చి, లైనక్స్ అనుమతిని మాత్రం ఇవ్వలేదు. ఒంటరిగా ఆడే కథ నడుస్తూనే ఉంది, స్నేహితులతో ఆడే భాగం ఆగిపోయింది. 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' 2024లో వాన్‌గార్డ్ అనే కాపలాను చేర్చడంతో లైనక్స్‌కు దూరమైంది. ఈ ఆటల్లో ఏ ఒక్కటీ కంప్యూటర్‌కు చేతకాక ఆగలేదు.

సరిగ్గా ఇక్కడే అమ్మకం తీరును ప్రశ్నించాలి. స్టీమ్‌లో ఆటను కొన్నప్పుడు మనకు దక్కేది లైసెన్సు మాత్రమేనని దాని ఒప్పందంలోనే ఉంది. డబ్బు వెనక్కి కావాలంటే సాధారణంగా కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉండగా అడగాలి. ఆట నచ్చకపోతే ఈ నియమం సరిపోతుంది. రెండేళ్లు నడిచిన ఆటను కంపెనీ తర్వాత ఆపేస్తే దీనితో ఒరిగేదేమీ లేదు. స్టీమ్ డెక్ కోసం వాల్వ్ ఆటలకు 'పరీక్షించి సరేనన్నవి', 'కొంత సర్దుకుని ఆడదగినవి', 'నడవనివి', 'ఇంకా తెలియనివి' అంటూ నాలుగు రకాల గుర్తులు వేస్తోంది. ప్రోటాన్‌డీబీ అనే వేదికలో ఆటగాళ్లు తమ అనుభవాలను రాసి పెడుతున్నారు. రెండూ ఎంతో ఉపయోగకరమైనవి. కానీ ఇవి ఇవాళ్టి పరిస్థితిని చెబుతాయే తప్ప రేపటికి పూచీ పడవు. విండోస్ ఆటను కొని లైనక్స్‌లో నడిపించుకునేవాడికి ఆట కంపెనీ ఏ మాటా ఇవ్వలేదు కనుక, మాట తప్పిందని అడిగే ఆస్కారమూ లేదు. అనిశ్చితి అంతా ఈ ఖాళీలోంచే పుడుతోంది.

దీనికి కంపెనీల వైపు నుంచి వినిపించే మొదటి అభ్యంతరం సంఖ్య. 3 శాతం మంది కోసం ఖర్చెందుకు? ఈ వాదనలో నిజం ఉంది. 'రాకెట్ లీగ్' 2020 మార్చిలో లైనక్స్, మ్యాక్ కూర్పులను ఆపినప్పుడు, ఆ రెండూ కలిపినా ఆడేవాళ్లలో 0.3 శాతానికి లోపేనని తయారీదారులు చెప్పారు. ఒక చిన్న జట్టు తన శక్తిని ఎక్కడ ఖర్చుపెట్టాలో ఎంచుకోవడం తప్పు కాదు. అయితే ఆ వాదన విడి కూర్పు తయారుచేసే కాలానికి సరిపోతుంది. ప్రోటాన్ వచ్చాక కంపెనీ కొత్తగా ఆటను రాయనక్కర్లేదు. నడుస్తున్నదాన్ని ఆపకుండా ఉంటే చాలు. పైగా అదే 'రాకెట్ లీగ్' ఉదంతంలో ఇంకో విశేషముంది. మద్దతు ఆపుతూనే ఆ కూర్పుల్లో ఆడినవాళ్లకు డబ్బు వెనక్కి తీసుకునే అవకాశం ఇచ్చారు. అంటే మద్దతు మానుకునే హక్కు, కొన్నవాడికి న్యాయం చేసే బాధ్యత రెండూ కలిసి ఉండగలవని పరిశ్రమే రుజువు చేసింది. ఆ పని మిగతావాళ్లకు ఎందుకు ఆచారం కాకూడదు?

రెండో అభ్యంతరం మోసాలది. ఇది ఇంకా బరువైనది. లైనక్స్‌లో కెర్నెల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయనే, వాడకందారు మార్చుకోవచ్చు. ఆ స్వేచ్ఛ మోసగాళ్లకు కలిసొస్తుందనీ, వాళ్లను పట్టుకోవడం కష్టమవుతుందనీ 'ఎపెక్స్' తయారీదారులు అన్నారు. నిజాయితీగా ఆడి ర్యాంకు పెంచుకునే కుర్రవాడికి మోసగాడి చేతిలో ఓడిపోవడం నిజంగానే అన్యాయం. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. కానీ కెర్నెల్‌లోకి దూరే కాపలా ఉన్న విండోస్‌లోనూ మోసాలు ఆగలేదు. పైగా ఆ కాపలాకు ఉన్న ప్రమాదం మనం చూశాం. 'గెన్‌షిన్ ఇంపాక్ట్' ఆటతో వచ్చే యాంటీ చీట్ డ్రైవర్‌ను వాడుకుని, యాంటీవైరస్‌ను చంపి, కంప్యూటర్లకు తాళం వేసే దొంగల పద్ధతి 2022లో బయటపడింది. 2024 జులైలో క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌లో ఒక తప్పు అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. అది ఆటల సాఫ్ట్‌వేర్ కాదు, కానీ కెర్నెల్ స్థాయిలో బయటి ప్రోగ్రాముకు చోటిస్తే ఏమవుతుందో ప్రపంచానికి చూపింది. మరోవైపు వాల్వ్ వారి 'కౌంటర్ స్ట్రైక్ 2', 'డోటా 2' లైనక్స్ మీద నేరుగా నడుస్తున్నాయి. అవి మోసరహితమని అనడం లేదు. సర్వర్ వైపు తనిఖీల లాంటి ఇతర మార్గాలతోనూ పెద్ద పోటీ ఆటలను నడపవచ్చని అంటున్నాను. అయినా ఒక కంపెనీ తన పోటీ ఆటకు లైనక్స్ వద్దని తేల్చుకుంటే ఆ నిర్ణయాన్ని గౌరవించవచ్చు. అమ్మే ముందే ఆ మాట చెప్పాలి. అమ్మాక తేల్చుకుంటే డబ్బు తిరిగివ్వాలి.

మూడో అభ్యంతరం మన ఇళ్లలోనే వినిపిస్తుంది: అంత గొడవెందుకు, విండోస్ వేసుకోవచ్చుగా, లేదా ఫోనులో ఆడుకోవచ్చుగా? విండోస్ 11 తీసుకోని యంత్రం ఉన్నవాళ్లకు ఆ సలహాకు అర్థం కొత్త ల్యాప్‌టాప్ కొనమని. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. ఇక ఫోను ఆటల సంగతి. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. దాని స్థానంలో 2021 జులైలో వచ్చిన బీజీఎంఐ, 2022 జులైలో యాప్ దుకాణాల నుంచి మాయమై, 2023 మేలో తిరిగొచ్చింది. ఆ నిర్ణయాల మంచిచెడ్డలు వేరే చర్చ. తన చేతిలోని యంత్రం బాగానే ఉన్నా, ఆట ఎవరి నిర్ణయంతోనో పోవచ్చన్న సంగతి తెలుగు కుర్రవాళ్లకు అప్పుడే అనుభవమైంది. లైనక్స్ ఆటగాళ్ల బాధ వాళ్ల ఒక్కరిదే కాదు. డిజిటల్ సరుకు కొనే ప్రతి ఒక్కరిదీ. వాళ్లకు అది ముందుగా, తరచుగా తగులుతోంది, అంతే. ఫోనులో తెరుచుకునే ఆటను ఎవరో చేసిపెడతారు. కంప్యూటర్‌లో ఆడుతూ ఆడుతూ దాన్ని విప్పి చూసి, ఒక స్క్రిప్టు మార్చి, రేపు తానే ఒక ఆటను రాసే పిల్లవాడికి లైనక్స్ ఇచ్చే చదువు వెలకట్టలేనిది. ఆటలు లేవన్న ఒక్క కారణంతో ఆ తలుపు మూసేయడం మనకు నష్టం.

పరిష్కారం ఊహలో ఉన్నదేమీ కాదు. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు మీరు కొంటున్నది లైసెన్సు మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. 2024లో యూబీసాఫ్ట్ 'ది క్రూ' ఆట సర్వర్లను ఆపేసి, డబ్బిచ్చి కొన్నవాళ్లకూ దాన్ని ఆడే వీలు లేకుండా చేశాక, రాస్ స్కాట్ మొదలుపెట్టిన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి 2025లో ఐరోపాలో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం సరుకు, సేవల నాణ్యత, ప్రమాణం, ధర గురించి తెలుసుకునే హక్కును ఇచ్చింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీ చేయగలదు. ఆ సంస్థ కంపెనీలను అడగవలసినవి మూడే. ఆట ఏయే ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీద నడవడానికి అనుమతి ఉందో కొనే బొత్తం పక్కనే చెప్పాలి. అనుమతి ఇచ్చిన సిస్టమ్‌ను ఫలానా తేదీ వరకు ఆపబోమని రాయాలి. మధ్యలో ఆపితే, ఎన్ని గంటలు ఆడారన్న లెక్క చూడకుండా డబ్బు వెనక్కివ్వాలి. ఈ మూడింటిలో దేనికీ ఒక్క వరుస కొత్త ప్రోగ్రాము రాయనక్కర్లేదు.

అప్పటిదాకా కొనేవాళ్లు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. ఒంటరిగా ఆడే ఆటలకు లైనక్స్ ఇవాళ నమ్మదగిన చోటు. ప్రోటాన్‌డీబీలో తాజా అనుభవాలు చూసి కొనవచ్చు, కొన్న వెంటనే నడిపి చూసుకోవాలి. జీఓజీ లాంటి దుకాణంలో తాళాలు లేని ఇన్‌స్టాలర్ దొరికితే దాన్ని దాచుకోవడం ఇంకా మంచిది. ఆన్‌లైన్ పోటీ ఆటలైతే యాంటీ చీట్ సంగతి చూడకుండా స్కిన్ల మీద రూపాయి కూడా పెట్టవద్దు. ప్రోటాన్ ఒక కంపెనీ చలవే కదా, రేపు వాల్వ్ కూడా మానేస్తే అన్న భయం ఉన్నవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వైన్, డీఎక్స్‌వీకే, ప్రోటాన్ అన్నీ మూలం తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్లు. వాల్వ్ వదిలేసినా ఇంకొకరు అందుకోగలరు. ముప్ఫై ఏళ్లుగా వేలమంది ఓపికగా రాసిన ఆ పని మన పాత ల్యాప్‌టాప్‌లో ఆట నడిపించేదాకా తెచ్చింది. వాళ్లు చేయలేనిది, అమ్మినవాడి చేత మాట ఇప్పించడం. అది కొనేవాళ్ల పని, ప్రభుత్వాల పని. స్టీమ్‌లో రూపాయల్లో ధర కట్టి మన దగ్గర అమ్ముతున్న ప్రతి కంపెనీనీ ఆ మాట అడిగే హక్కు యానాం కుర్రవాడికి ఉంది, అడగడం మొదలుపెట్టాలి.